నాలుగు డాలర్ల మాత్ర, 1970 నాటి చట్టం

పోయిన నెల డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ ఉందన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లకే. ఐటీ కన్సల్టెంట్ బతుకు మీకు తెలియంది కాదు. సోమవారం పొద్దున్నే విమానం, గురువారం రాత్రి తిరుగు విమానం, మధ్యలో హోటల్ తిండి, ఆ పైన అర్ధరాత్రి దాకా తెలంగాణ వార్తలు. బీపీ రాకుంటేనే ఆశ్చర్యం. ఫార్మసీలో సీసా చేతికిచ్చి, ఇన్సూరెన్స్ పోగా నా వాటా నాలుగు డాలర్లన్నారు. కారులో కూర్చుని లేబుల్ చూస్తే చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, దాని కింద హైదరాబాద్ అని ఉంది.

ఆ రాత్రి మామకు ఫోన్ చేశాను. మా మేనమామ బాలానగర్ ఐడీపీఎల్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. నా హైస్కూల్ చదువంతా ఆయన క్వార్టర్స్‌లోనే సాగింది.

"ఏం మందు రాసిండురా?" అన్నాడు.

"ఆమ్లోడిపిన్."

"గది మా కాలంల చెయ్యలే. మేం అనాల్జిన్, సల్ఫా మందులు, విటమిన్లు చేసేటోళ్లం. ఎంత తీసుకున్నరు?"

నాలుగు డాలర్లంటే నవ్వాడు. "మందు అగ్గువనే బిడ్డా. దాన్ని చేసుడు నేర్చుకునుడే మస్తు పిరం."

ఆ మాట నన్ను వదల్లేదు. 2013 జులై 30న ఢిల్లీలో తెలంగాణకు అనుకూలంగా నిర్ణయం వచ్చినప్పటి నుంచి టీవీ చర్చల్లో, ఇక్కడి వీకెండ్ పార్టీల్లో ఒకటే గొడవ: హైదరాబాద్‌ను ఎవరు కట్టారు? 'మేమే కట్టాం' అనేవాళ్లు ముందుగా చెప్పే ఉదాహరణ మందుల పరిశ్రమ. మనవాళ్లు కోపంతో జవాబు చెబుతారు. నేనూ చెప్పాను చాలాసార్లు. కానీ కోపం పక్కనపెట్టి ఆ పరిశ్రమ చరిత్రను వరసగా చూస్తే, మన రాష్ట్రానికి పనికొచ్చే పాఠం ఒకటి కనిపిస్తుంది. ఒక దేశం మార్కెట్లో నిలబడాలంటే విధానం, విజ్ఞానం, యాజమాన్యం మూడూ కుదరాలి. ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ కూలబడతాయి.

ముందు చట్టం

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మనకున్నది 1911 నాటి బ్రిటిష్ పేటెంట్ చట్టం. మందు మీదే హక్కు ఇచ్చేది అది. విదేశీ కంపెనీ ఒక మందు మీద పేటెంట్ తీసుకుంటే ఇంకో దారిలో దాన్ని తయారుచేసే వీలు మన కెమిస్టుకు లేదు. ఆ కంపెనీ ఇక్కడ తయారుచెయ్యదు, ఇంకొకరిని చెయ్యనివ్వదు, దిగుమతి చేసి అమ్ముకుంటుంది. మన దేశంలో కొన్ని మందుల ధరలు ప్రపంచంలోనే ఎక్కువని అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీయే తేల్చింది. పేదదేశంలో మందులు పిరం, ధనికదేశంలో అగ్గువ!

జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ పరిస్థితిని విప్పి చెప్పింది. దాని ఆధారంగానే 1970 పేటెంట్ చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మందులకు సంబంధించి అందులోని కీలకం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వంటకం మీద ఎవరికీ హక్కు లేదు, వండే పద్ధతి మీదే హక్కు. ఆ హక్కు కూడా ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు. అదే మందును వేరే పద్ధతిలో చేయగలిగితే నువ్వూ అమ్ముకోవచ్చు.

ఈ చట్టాన్ని దొంగతనానికి లైసెన్స్ అన్నవాళ్లున్నారు. నా అమెరికన్ సహోద్యోగులు కొందరు ఇప్పటికీ అంటారు. కానీ జరిగిందేమిటి? కొత్త పద్ధతి కనిపెడితే తప్ప వ్యాపారం లేదు కాబట్టి కెమిస్ట్రీ నేర్చుకోక తప్పలేదు. తక్కువ దశల్లో, చవక ముడిసరుకుతో, ఎక్కువ దిగుబడితో చేయగలిగినవాడే నిలబడ్డాడు. ఒక తరం మొత్తానికి పరీక్ష పెట్టిన చట్టం అది.

తర్వాత ల్యాబ్

చట్టం మద్రాసుకూ, కాన్పూరుకూ కూడా ఒకటే. మరి బల్క్ డ్రగ్స్ అనగానే హైదరాబాద్ పేరే ఎందుకు వినబడింది?

ఇక్కడ కథ 1956 కంటే వెనక్కి వెళ్తుంది. 1944లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్‌లో ఒక శాస్త్ర పారిశ్రామిక పరిశోధనాశాల పెట్టింది. అదే తర్వాత రీజినల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అయింది. ఇవాళ మనం ఐఐసీటీ అంటున్నది దాన్నే. మన పరిశ్రమలకు కావలసిన రసాయన ప్రక్రియలను తయారుచేసి ఇచ్చిన సంస్థ అది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని మన దేశంలో చేసే పద్ధతి ఏ.వి. రామారావు గారి నాయకత్వంలో అక్కడే తయారై ముంబైలోని సిప్లాకు వెళ్లింది. అదే సిప్లా 2001లో మూడు ఎయిడ్స్ మందుల కోర్సును ఏడాదికి 350 డాలర్లకే స్వచ్ఛంద సంస్థకు ఇస్తానని ప్రకటించి ప్రపంచాన్ని కుదిపేసింది. ధనిక దేశాల్లో అదే చికిత్సకు అప్పుడు పదివేల డాలర్లకు పైమాటే.

1961లో సోవియట్ సహకారంతో కేంద్రం ఐడీపీఎల్‌ను పెట్టింది. యాంటీబయోటిక్స్ రిషీకేశ్‌లో, సింథటిక్ మందులు హైదరాబాద్‌లో. మామ లాంటి వేలమంది రియాక్టర్ ముందు నిలబడి పని నేర్చుకున్నది అక్కడే. సాయంత్రం క్వార్టర్స్ ముందు కుర్చీలేసుకుని వాళ్లు మాట్లాడుకునేది కూడా దిగుబడి గురించే. "నిన్నటి బ్యాచ్‌ల రెండు పర్సెంట్ పెరిగింది" అని ఒకాయన అంటే, మిగతావాళ్లు క్రికెట్ స్కోరు విన్నట్టు వినేవాళ్లు. అదేంటో నాకప్పుడు అర్థమయ్యేది కాదు.

2013 మార్చిలో కన్నుమూసిన డాక్టర్ అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి 1975లో బయటికొచ్చినవారే. ఆయనది గుంటూరు జిల్లా తాడేపల్లి. అయితే ఏంటట? ఆయన తెలివిని, తెగువను తక్కువచేస్తే మనమే చిన్నబోతాం. కానీ ఆయన బాలానగర్‌కు ఎందుకొచ్చారో కూడా గుర్తుంచుకోవాలి. ఉద్యోగం ఇచ్చిన ఫ్యాక్టరీ ప్రజల డబ్బుతో కట్టింది. పక్కనే ఉన్న ల్యాబ్ ప్రజలది. నేర్చుకున్న పనివాళ్లు చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నారు. దారి తెరిచింది పార్లమెంటు చేసిన చట్టం. వ్యక్తి గొప్పవాడే, నేల కూడా సిద్ధంగా ఉంది. రెండూ నిజమే.

యాజమాన్యం లేని చోట

మరి అంతటి ఐడీపీఎల్ ఏమైంది? 1992 నాటికి ఖాయిలా పరిశ్రమగా బీఐఎఫ్ఆర్ ముందు నిలబడింది. అదే చట్టం, అదే ఊరు, అదే కెమిస్ట్రీ. అక్కడ శిక్షణ పొందినవాళ్లు పెట్టిన చిన్న కంపెనీలు పెరిగాయి, కన్నతల్లి మాత్రం మంచాన పడింది.

దీన్ని 'ప్రభుత్వరంగం అంటే ఇంతే' అని తీసిపారేయడం తేలిక. అసలు తేడా నిర్ణయాలు ఎవరు, ఎంత వేగంగా తీసుకుంటారన్న దగ్గర ఉంది. ప్రభుత్వరంగంలో ఏ మందు చేయాలో, ఎంతకు అమ్మాలో, పాత యంత్రం మార్చాలో వద్దో ఢిల్లీ ఫైళ్లలో తేలాలి. జీడిమెట్లలో షెడ్డు వేసుకున్న ప్రైవేటు మనిషి ధర పడిపోతున్న మందును వదిలి నెలల్లో ఇంకోదానికి మారిపోయేవాడు. దిగుబడి రెండు శాతం పెరిగితే మా కాలనీలో కబురైంది. అతనికి అదే లాభమైంది.

1984లో అమెరికా ఒక చట్టం చేసింది. పేటెంట్ ముగిసిన మందును కాపీ చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి రోగుల మీద ప్రయోగాలు చేయనక్కర్లేదు, అసలు మందుతో సమానంగా పనిచేస్తుందని చూపిస్తే చాలు. పేటెంట్‌ను ముందుగా సవాలు చేసిన కంపెనీకి 180 రోజుల పోటీలేని మార్కెట్. హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టమంటే ఇదే. ఆ తలుపు అందరికీ తెరిచే ఉంది. కానీ లోపలికి పోవాలంటే కెమిస్ట్రీ ఒక్కటే చాలదు. పేటెంట్ లాయర్లు కావాలి, ఎఫ్‌డీఏ తనిఖీకి తట్టుకునే ప్లాంటు కావాలి, తేడా లేకుండా రికార్డులు రాసే అలవాటు కావాలి. 2001లో డాక్టర్ రెడ్డీస్ ఫ్లూయాక్సిటిన్ 40 మిల్లీగ్రాముల మందుకు ఆ 180 రోజుల హక్కు తెచ్చుకుంది. మన దేశ కంపెనీల్లో అదే మొదటిది. అది ల్యాబ్ విజయం ఎంతో, మేనేజ్‌మెంట్ విజయం కూడా అంతే.

ఈ రికార్డుల సంగతి నాకు దగ్గరగా తెలుసు. మూడేళ్ల కింద ఇక్కడ ఒక మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డుల సాఫ్ట్‌వేర్ పెట్టే ప్రాజెక్టులో ఉన్నాను. ఒక ఆపరేటర్ పొరపాటున తప్పు సంఖ్య వేసి, దాన్ని దిద్దడానికి సంతకం, తేదీ, కారణం, ఇంకొకరి సంతకం కోసం గంటసేపు ఆగాడు. నేను విసుక్కుంటే క్వాలిటీ మేనేజర్ అన్న మాట: కాగితం మీద లేని పని చేయని పని కిందే లెక్క. 2013 మే నెలలో ర్యాన్‌బాక్సీ అమెరికా కోర్టులో తప్పు ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడిన వార్త చదివినప్పుడు ఆ గంట గుర్తొచ్చింది. మన కెమిస్టులకు మందు చేయడం రాక కాదు. రికార్డు నిజం కానప్పుడు దాని మీద ఎవరూ నమ్మకం పెట్టుకోరు. ఒక కంపెనీ అబద్ధానికి దేశంలోని ప్రతి కంపెనీ తనిఖీల రూపంలో మూల్యం కడుతుంది.

మనమూ జెనెరిక్కే

ఇంతవరకు గర్వపడే కథ. ఇక్కడి నుంచి ఆలోచించాల్సిన కథ.

ఫైజర్ కంపెనీ లిపిటార్ అనే ఒక్క కొలెస్టరాల్ మాత్ర 2006లో దాదాపు 1300 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. మన దేశం మొత్తం ఎగుమతి చేసిన మందుల విలువ 2012-13లో 1400 కోట్ల డాలర్ల పైచిలుకు. వందల కంపెనీలు, లక్షల మంది కార్మికులు, వేల రకాల మందులు ఒక వైపు. ఒక్క మాత్ర ఇంకో వైపు. కనిపెట్టినవాడికీ, చవకగా చేసినవాడికీ ఉన్న దూరం అది.

డబ్బు మాట ఒక్కటే కాదు. చవకగా చేయడంలో మనల్ని మించినవాడు రావడం ఎప్పుడూ కొద్దికాలం మాటే. ఒకప్పుడు మనమే చేసుకున్న పెన్సిలిన్-జీ లాంటి ముడిమందుల కోసం తర్వాత చైనా మీద ఆధారపడ్డాం. వాళ్లు పెద్ద పెద్ద ఫెర్మెంటేషన్ ప్లాంట్లు కట్టారు, మనవి మూతపడ్డాయి. పరిశోధనకు 2013 నాటికి చైనా తన జీడీపీలో రెండు శాతం దాకా పెట్టేది, దక్షిణ కొరియా నాలుగు శాతం. మనం ఒక్క శాతం కూడా దాటలేదు. స్వేచ్ఛా మార్కెట్ అని ఊరంతా చాటే అమెరికా కూడా 2013 నాటికి ఒక్క ఎన్ఐహెచ్ ద్వారానే ఏటా 3000 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనాన్ని వైద్య పరిశోధనకు పోసేది. ఇక్కడి కంపెనీలు కనిపెట్టిన చాలా మందుల వెనక ఆ డబ్బు ఉంది.

1995 డబ్ల్యూటీఓ ఒప్పందం పుణ్యమా అని 2005 జనవరి నుంచి మందు మీద పేటెంట్ మళ్లీ వచ్చింది. పాత గొడుగు పోయింది. కొంత రక్షణ మిగిలింది. 3(డి) సెక్షన్ కింద నోవార్టిస్ గ్లివెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, బేయర్ కేన్సర్ మందు నెక్సావర్‌పై 2012 మార్చిలో మన హైదరాబాద్ నాట్కోకు దక్కిన కంపల్సరీ లైసెన్స్ ఆ రక్షణలే. నెలకు 2 లక్షల 80 వేలున్న మందు 8,800 రూపాయలకు వచ్చింది. రోగి ఇంట్లో అది చావు బతుకుల తేడా. ఆ సెక్షన్లను కాపాడుకోవాల్సిందే. కానీ అవి డాలు మాత్రమే. డాలుతో ప్రాణం నిలుస్తుంది, యుద్ధం గెలవం.

ఇది మందులవాళ్లకే చెప్పే సుద్దులనుకోకండి. అద్దంలో చూసుకుంటే నేను కూడా జెనెరిక్కే. ఇంకొకరు డిజైన్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను, ఇంకొకరి కంపెనీలో, ఇంకొకరి కంటే తక్కువ గంట రేటుకు పెట్టి ఇస్తాను. పదమూడేళ్లుగా అదే పని. మనలో చాలామందిది అదే పని. రేటులో నన్ను మించినవాడు వచ్చిన రోజు నా రెజ్యూమెకు విలువ ఎంత? మాదాపూర్ అద్దాల మేడలు చూసి మురిసిపోయే ముందు ఈ ప్రశ్న అడగాలి.

కనిపెట్టడం మనవల్ల కాదా అంటే అదీ నిజం కాదు. శాంతా బయోటెక్ 1997లో హెపటైటిస్-బి టీకాను సొంతంగా తయారుచేసింది. ఆ టీకాకు మొదటి పరిశోధన ఉస్మానియాలో, సీసీఎంబీలో సాగింది. దిగుమతి టీకా కొనలేని ఇళ్లలో పిల్లలకు సూది పడింది. మళ్లీ అదే సూత్రం: ప్రజల ల్యాబ్, ధైర్యమున్న యాజమాన్యం, ప్రభుత్వ చేయూత.

నక్కవాగు లెక్క

మా ఊరు పటాన్‌చెరుకు దిగువన, నక్కవాగు పక్కన. చిన్నప్పుడు సెలవులకు పోతే వాగులో ఈత కొట్టినవాళ్లం. ఇంటర్‌కు వచ్చేసరికి నాయన వాగు దగ్గరికి పోవద్దనేవాడు. బావి నీళ్లు రంగు మారాయి. మా పొలం బీడు పడింది. ఏ కంపెనీ అని ఎవరిని అడగాలి? కాలువలో కలిశాక ఎవరి పాపం ఎవరిదో తెలియదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించారు. తొంభై దాకా మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు అప్పట్లో చేరే కేంద్రం అది. 'శుద్ధి' అయిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన సూక్ష్మజీవి మీద రేపు మందు పనిచేయదు.

నా నాలుగు డాలర్ల మాత్రలో ఈ ఖర్చు లేదు. అది మా ఊరి ఖాతాలో పడింది. దీన్ని పోటీ సామర్థ్యం అనలేం. ఖర్చును పక్కవాడి పొలంలోకి తోసేయడం యాజమాన్యం కాదు. నేర్చుకున్నవాళ్లు వ్యర్థాన్ని తగ్గించే ప్రక్రియ కనిపెడతారు, ద్రావకాన్ని మళ్లీ వాడుకుంటారు. ప్రభుత్వం గట్టిగా అడిగితేనే ఆ అవసరం పుడుతుంది. పేటెంట్ చట్టం ఒక తరం కెమిస్టులకు పరీక్ష పెట్టినట్టే కాలుష్య చట్టం ఇంకో తరానికి పరీక్ష పెట్టాలి.

రాష్ట్రం చేతిలో ఏముంది?

'పేటెంట్లు, ఎగుమతులు కేంద్రం చేతిలోవి, రాష్ట్రం ఏం చేస్తుంది?' అని మిత్రులు అడుగుతారు. నిజమే, పేటెంట్ చట్టం మన చేతిలో ఉండదు. యూనివర్సిటీలు ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి ఉంటుంది. భూమి, నీళ్లు, కరెంటు ఉంటాయి. చాలా ఎక్కువే ఉంది.

ప్రతి రాష్ట్రమూ చేసే పని రాయితీలివ్వడం. ఎకరం ఇంతకిస్తాం, పన్ను ఇన్నేళ్లు మాఫీ. 2003లో కేంద్రం హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు పన్ను రాయితీ ఇవ్వగానే మాత్రలు తయారుచేసే ప్లాంట్లు ఎన్నో బద్దికి పరిగెత్తాయి. హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమ మాత్రం కదల్లేదు. ఎందుకంటే మాత్ర ఒత్తే యంత్రాన్ని లారీ ఎక్కించొచ్చు. ఐఐసీటీని, జీడిమెట్ల ఫోర్‌మన్‌ను, ముప్పై ఏళ్ల అనుభవాన్ని ఎక్కించలేం. పన్ను కోసం వచ్చినవాడు పన్ను కోసమే పోతాడు. రాష్ట్రం విడిపోతే కంపెనీలన్నీ పోతాయని భయపెట్టినవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. నిర్లక్ష్యం చేస్తే మనకు మనమే పోగొట్టుకుంటామన్న హెచ్చరికా ఇందులోనే ఉంది.

అందుకే నా మాట ఇది. బడ్జెట్లో పారిశ్రామికవాడల కంటే ముందు యూనివర్సిటీల అధ్యాపకుల ఖాళీలు నింపాలి. ఉస్మానియా, కాకతీయ సైన్స్ విభాగాలను ఐఐసీటీతో, సీసీఎంబీతో, కంపెనీలతో కలిపే ఏర్పాటు కావాలి. రాయితీ ఇస్తే పరిశోధనకు, శుద్ధి ప్లాంటుకు, స్థానిక పిల్లల శిక్షణకు ముడిపెట్టి ఇవ్వాలి, చేయకపోతే వెనక్కి తీసుకోవాలి. కాలుష్య మండలిలో తెలిసినవాళ్లుండాలి, వాళ్ల తనిఖీ ఫలితాలు ఊళ్లోవాళ్లు చదివేటట్టు ఉండాలి. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం పెట్టుకున్న నినాదంలో ఈ మూడూ ఉన్నాయి, కొత్తగా చేర్చాల్సిందేమీ లేదు.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు మామ తన మనవడికిచ్చాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. చదువు ఎట్లుందంటే, "ల్యాబ్‌ల మిషన్ ఖరాబై ఏడాదైంది మామా, బొమ్మ చూసి పరీక్ష రాస్తున్నం" అన్నాడు. కాసేపాగి, "జావా నేర్చుకుంటే అక్కడ జాబ్ దొరుకుతదా?" అని అడిగాడు.

వెనక నుంచి మామ గొంతు వినబడింది. "మా ఇంట్ల మిగిలిన ఒక్క కెమిస్టు వాడేరా. వాన్నీ నీ లెక్కనే చేస్తవా?"

నేను వాడికి ఇంకా జవాబు చెప్పలేదు. జావా పుస్తకాలు పంపడం నాకు పది నిమిషాల పని. ఆ మిషన్ బాగుచేయించడానికి ఎంతవుతుందో కనుక్కోమని చెప్పాను. అలాంటి ల్యాబ్ మీ ఊరి కాలేజీలో కూడా ఉంటుంది. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి.